ఇత్తడి తొడుగు

రెండో గుక్క మింగి, గ్లాసు కింద పెట్టి, గొంతు మీద వేళ్లు ఆనించి చూసుకున్నాడు చప్పుళ్లయ్య. లోపల ఇంకా గరగరమంటూనే ఉంది, ఎండుటాకుల మీద పిల్లి నడిచినట్టు. మళ్లీ గ్లాసెత్తాడు. పొద్దున్నే వేణ్ణీళ్లు తాగడం ఆయనకు దాహం తీర్చుకోవడం కాదు, పనిముట్టు సరిచేసుకోవడం. కోతకు పోయేవాడు కొడవలి నూరుకుంటాడు, ఈయన గొంతు కాచుకుంటాడు. అంతే తేడా.

"ఇవాళ కూడా మౌనమేనా?" అంది భార్య. కిటికీ దగ్గర పీట వేసుకుని, ఒళ్లో ఎవరిదో చొక్కా పెట్టుకుని గుండీలు కుడుతోంది. దారం సూదిలోకి ఎక్కక మళ్లీ మళ్లీ కొస తడుపుతోంది. "ఊళ్లోవాళ్ల రాతలన్నీ గొంతు చించుకుని చదివి వస్తారు. కట్టుకున్నదానితో మాట్లాడాలంటే మాత్రం నోట్లో బెల్లంగడ్డ."

ఆయన గ్లాసు అంచు మీద గోటితో ఒకసారి కొట్టాడు. ఒక చప్పుడైతే ఊ. రెండైతే వద్దు. అరచేత్తో తలుపు మీద చరిస్తే వెళ్లొస్తానని. ఆ ఇంట్లో కొంత కాలంగా అదే భాష.

"ఊ అంటే ఏమిటి? మౌనానికి ఊ నా, బెల్లానికి ఊ నా?"

మళ్లీ ఒకసారి కొట్టాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చి దారాన్ని పళ్లతో పుటుక్కున కొరికింది.

చెప్పాలని ఆయనకు లేక కాదు. పోయిన చలికాలం నుంచీ ఆయన ఛాతీలో గాలి కురచైపోయింది. నాలుగు మాటలకే తిత్తి ఖాళీ. ఉన్న కాసింత ఊపిరి ఇంట్లో ఖర్చు చేస్తే బల్ల దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి? ఆ సంగతి చెప్పడానికి కూడా ఊపిరే కావాలి కదా. అందుకని చెప్పలేదు. ఆమె దాన్ని పొగరనుకుంది. పిల్లలు లేని ఇంట్లో ఇద్దరి మధ్యా ఆ మాట అట్లాగే నిలబడిపోయింది, మధ్యగదిలో ఎవరూ జరపని బీరువాలాగా.

గొడుగు తీసుకుని తలుపు మీద అరచేత్తో చరిచి బయల్దేరాడు.

ఆయన అచ్చాఫీసులో కాపీ చదివేవాడు. రాసినవాళ్లు ఇచ్చిన కాగితం ఆయన చేతిలో ఉంటుంది. దాన్ని చూసి కూర్చిన అచ్చు ప్రూఫు బల్లకు అవతల, దిద్దే ఆవిడ ముందు ఉంటుంది. ఈయన పైకి చదువుతుంటే ఆవిడ చూపు అచ్చు వెంట నడుస్తుంది. తేడా ఉన్న చోట ఎర్ర పెన్సిలు పడుతుంది. మాటల వరకూ నోరు చాలు. మరి కామాలు, చుక్కలు, పంక్తి తెగే చోట్లు? వాటినీ నోటితోనే చెబితే వచనానికి చెల్లుతుందేమో గాని, కవిత్వం చదివేసరికి చదివేవాడి దవడలు పడిపోతాయి. అందుకని ఆ అచ్చాఫీసులో ఈయన ఒక పద్ధతి పెట్టాడు. కామాకి వేలితో బల్ల మీద ఒక దెబ్బ. చుక్కకి రెండు. పంక్తి తెగితే అరచెయ్యి. మాట నోటిది, గుర్తు చేతిది.

చదువుకోక ముందు ఆయన అరక వెనక నడిచిన మనిషి. చాలు చివర ఎద్దులు తమంత తామే ఆగి, మెడలు తిప్పి, ఒక నిట్టూర్పు విడిచి కొత్త చాలు పడతాయి. పంక్తి చివర అరచెయ్యి వేసినప్పుడల్లా ఆయనకు ఆ నిట్టూర్పే గుర్తుకొచ్చేది. కవిత్వమంటే ఏమిటో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. కురచ చాళ్ల పొలం, అంతే. ఎద్దుకి మేలు.

పెళ్లయిన కొత్తలో బల్ల మీద కొట్టీ కొట్టీ చూపుడువేలు కమిలి గోరు నల్లబడితే, భార్య తన కుట్టుపెట్టెలోంచి దర్జీవాళ్లు పెట్టుకునే ఇత్తడి తొడుగు తీసి ఆ వేలికి తొడిగింది. "మరి నీకో?" అన్నాడు. అప్పట్లో మాట్లాడేవాడు. "నాకింకోటి ఉందిలెండి" అంది. లేదు. అప్పట్నించీ వట్టి వేలితోనే కుడుతోంది. ఆ వేలి కొస జల్లెడలా ఉంటుంది. తొడుగు తగిలి తగిలి అచ్చాఫీసు బల్ల మీద ఆయన వైపు ఒక చిన్న గుంట పడింది, పిచ్చుక నీళ్లు తాగేటంత. టక్, టక్‌టక్ అన్న ఆ చప్పుడు కంపోజింగు గది దాకా వినబడేది. దాంతో పేరు మారిపోయింది. అసలు పేరుతో సంతకానికి తప్ప ఇంక దేనికీ పని పడలేదు.

అచ్చాఫీసు పై అంతస్తులో. మెట్లు ఇరుకు, మధ్యలో ఒక మలుపు. ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి చప్పుళ్లయ్య గాలి అయిపోతుంది. అప్పుడాయన గోడకు గొడుగు ఆనించి, మెట్టు మీద కూలబడి, వంగి చెప్పు వారు సరిచేసుకుంటాడు. వారు సరిగ్గానే ఉంటుంది. బిగించిందాన్ని వదులు చేసి, వదులు చేసిందాన్ని బిగించి, ఛాతీ ఎగిరెగిరి పడటం తగ్గాక లేస్తాడు. ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి. అందరూ చూసిందే. టీ గ్లాసులు పట్టుకుని ఎదురొచ్చే కంపోజిటరు రోజూ ఒకే ఎకసెక్కం ఆడతాడు.

"బాబాయ్, ఆ చెప్పులు నీ పెళ్లినాటివా?"

చప్పుళ్లయ్య గోడ మీద ఒకసారి కొడతాడు. ఊ.

దిద్దే ఆవిడ మాత్రం ఏమీ అనదు. మొదటి రోజే ఆమెకు అర్థమైంది. అచ్చులో పేను లాంటి చుక్కని పట్టుకునే కళ్లు, మనిషి ఛాతీ ఎగరడాన్ని పట్టుకోవా? కాని ఆమెకొక అక్క కూతురుంది. చదువుకుంది, గొంతు బాగుంటుంది, ఇంట్లో ఊరికే కూర్చుని తల్లి చేత తిట్లు తింటోంది. ఆ అచ్చాఫీసులో చదివే కుర్చీ ఒక్కటే.

కుర్చీ ఊగులాడటం మొదలై ఒక నెలైంది. ఒక పెద్ద వ్యాపారి తన జీవితం తానే రాసుకుని అచ్చుకిచ్చాడు. చాంతాడంత వాక్యాలు. చదువుతుండగా చప్పుళ్లయ్యకు దగ్గు తెర వచ్చింది. తొడుగున్న వేలు బల్ల మీద రెండుసార్లు అదిరింది. దిద్దే ఆవిడ చెయ్యి చుక్క పెట్టేసింది. ఆమె తప్పు కాదు. చప్పుడు వినబడితే ఆ చెయ్యి ఆమెను అడగదు. పుస్తకం అచ్చయి బయటికి పోయాక చూస్తే అందులో ఇట్లా ఉంది: "నా భార్య చనిపోయినప్పుడు నేను ఎంతో సంతోషంగా. గడిపిన రోజులన్నీ తలచుకుని ఏడ్చాను." మర్నాడు ఆ భార్య అన్నదమ్ములు ముగ్గురూ ఒకళ్ల వెనక ఒకళ్లు ఇరుకు మెట్లెక్కి వచ్చారు. వాళ్లు దిగేదాకా యజమాని కంపోజింగు గదిలో అక్షరాల అరల వెనక నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే చెప్పాడు. "ఏమయ్యా, కవిగారి పుస్తకం వస్తోంది. నా ముందు కూర్చుని చదువు. కాగితంలో లేని చప్పుడు ఒక్కటి వినబడిందా, కుర్చీ ఇంకొకళ్లది. మంచోడివని ఇన్నాళ్లూ చూశాను."

చప్పుళ్లయ్య బెదరలేదు. కాగితాలు అప్పటికే తిరగేశాడు. మునిగిపోయే మనిషి గురించిన ఒకే ఒక్క పొడుగాటి కవిత. కాని పంక్తులు రెండేసి మాటలు, మూడేసి మాటలు.

నీళ్లు,
నన్ను పేరు పెట్టి పిలిచాయి.
వెళ్లాను.

ఇదేం చదువు, చల్లగాలిలో షికారు. మాటకో కామా, పంక్తికో అరచెయ్యి. అరచెయ్యి బల్ల మీద ఉన్నంత సేపూ లోపలికి గాలి తీసుకోవచ్చు, అడిగేవాడు లేడు. ఆ కాగితాలు చూసిన రోజు ఇంటికెళ్లి భార్యతో నోరు తెరిచి రెండు మాటలు మాట్లాడాడు. "కూర బాగుంది" అన్నాడు. ఆమె కంగారుపడి నుదురు ముట్టుకు చూసింది.

ఇవాళ ఆ చదువు రోజు.

మెట్ల మలుపులో చెప్పు సరిచేసుకుని, పైకి వచ్చి, కుర్చీ మీద బొంత ముక్క సర్దుకుని కూర్చున్నాడు. దిద్దే ఆవిడ అప్పటికే ఎర్ర పెన్సిళ్లు చెక్కి వరసగా పెట్టుకుంది.

"కూచో అన్నయ్యా, కూచో. నీళ్లు తాగి వచ్చావా?"

ఆమె గొంతులో అంత తీపి ఎప్పుడూ లేదు. చప్పుళ్లయ్య తొడుగు వేలికెక్కించుకుంటూ బల్ల మీద కాగితాల వైపు చూశాడు. కాగితాలు మారిపోయాయి. పక్కల ఖాళీ అన్నది లేకుండా ఈ అంచు నుంచి ఆ అంచుకి రాత నిండిపోయి ఉంది, వానకి ముందు చీమల బారులా. మొదటి పేజీ తిప్పాడు. రెండోదీ అంతే. ఎక్కడా చుక్క లేదు.

"ఇదేమిటి?" అన్నాడు. నోటితోనే అన్నాడు.

"కవిగారు తిరగరాసిచ్చారు. కంపోజింగు కూడా అయిపోయింది."

"నీకు తెలుసా?"

"మొన్ననే తెలుసు."

"చెప్పలేదే."

"చెబితే ఏం చేస్తావన్నయ్యా? ఇంటింటికీ తిరిగి ఊపిరి అడుక్కొస్తావా?" అని ప్రూఫు దగ్గరికి లాక్కుంది. తల ఎత్తకుండానే, "మా పిల్లకి ముప్పై వచ్చేస్తున్నాయి" అంది. అది సమాధానం కాదు. కాని ఆమె దగ్గరున్నది అదే.

యజమానీ కవీ కలిసి వచ్చారు. కవి యువకుడు. ఒత్తైన జుట్టు, మడత నలగని చొక్కా. మెట్లు రెండేసి ఎక్కి వచ్చినా ఛాతీ కదలడం లేదు. ఆకలిగొన్నవాడు పక్కవాడి కంచం వంక చూసినట్టు చప్పుళ్లయ్య ఆ ఛాతీ వంక చూశాడు.

"ఒక్క మాట కూడా మార్చలేదు సార్" అంటున్నాడు కవి. "కామాలు, చుక్కలు తీసేశాను, పంక్తులు కలిపేశాను. మునిగిపోయేవాడికి కామా ఎక్కడ్నించి వస్తుంది చెప్పండి? చదివేవాడికి ఊపిరాడకూడదు. గిలగిల్లాడిపోవాలి. అదీ నాక్కావాల్సింది."

"ఈయన గిలగిల్లాడకుండా చదువుతాడు లెండి. పాతకాపు" అన్నాడు యజమాని. నవ్వుతూనే అన్నాడు గాని కళ్లు చప్పుళ్లయ్య వేలి మీద ఉన్నాయి.

"ఏ పెద్దాయనా, ఎప్పుడైనా మునిగారా?" అన్నాడు కవి సరదాగా.

చప్పుళ్లయ్య బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. లేదని.

"నేనూ లేదు" అని కవి నవ్వాడు. "నాకు నీళ్లంటే భయం. మోకాలు దాటితే దిగను."

చదువు మొదలైంది.

మొదట బాగానే నడిచింది. పొద్దుటి నుంచీ దాచుకున్న గాలి ఉంది. గొంతు సన్నగా, నిటారుగా, గీత గీసినట్టు పోయింది. నీళ్లు నన్ను పేరు పెట్టి పిలిచాయి వెళ్లాను మోకాళ్ల దాకా చల్లగా నడుం దాకా చల్లగా ఇంక చలి లేదు. చెయ్యి ఊరికే బల్ల మీద పడి ఉంది. ఇన్నేళ్లలో ఆ చేతికి పని లేకుండా ఆయన చదివింది లేదు. ఎద్దుల్ని విప్పేసి అరక ఒక్కణ్ణే లాగమన్నట్టుంది. మాటల మధ్య ఎవరికీ తెలియకుండా ముక్కుతో చిటికెడంత గాలి దొంగిలిస్తూ పోయాడు.

దిద్దే ఆవిడ, "మళ్లీ" అంది.

చూపు తప్పినప్పుడు అట్లా అడిగే హక్కు ఆమెకుంది. అడిగితే వెనక్కి వెళ్లి చదవాలి. ఏడాదికి ఒకటి రెండుసార్ల కన్న ఆమె ఆ మాట వాడేది కాదు, అంత గట్టి చూపు. వెనక్కి వెళ్లి చదివాడు. ఇంకొంత దూరం పోయాక మళ్లీ, "మళ్లీ" అంది. చప్పుళ్లయ్య కళ్లెత్తి చూశాడు. ఆమె కళ్లు ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సగం దాటాక తిత్తి అడుగంటింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. భుజాలు చెవుల దాకా ఎక్కి దిగుతున్నాయి. చివరికి ఏదో పట్టుకోకపోతే కుర్చీలోంచి జారిపోతానని, అరచెయ్యి బల్ల మీద ఆన్చాడు. ఆన్చడమంటే పడటమే. థప్‌మంది. ఎర్ర పెన్సిలు కదిలింది. మళ్లీ రెండు మాటలు, మళ్లీ అరచెయ్యి. తర్వాత ఒక మాట. దగ్గు. టక్. అరచెయ్యి.

"ఆపు!" అన్నాడు యజమాని. కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "ఏం పెట్టుకుని కొడుతున్నావక్కడ? ఎంత చెప్పినా ఇంతేనా నువ్వు? అమ్మా, ఇటివ్వు ఆ ప్రూఫు. చూడండి కవిగారూ, చూడండి, మీరు పెట్టనివన్నీ పెట్టించాడు."

కవి ప్రూఫు తీసుకున్నాడు. మొహం చిట్లించి చూశాడు. చిట్లింపు మెల్లగా విడిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురులో పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. ఎర్ర గీతలు తెంపిన చోట తెంపుతూ చదువుకున్నాడు.

ఒడ్డున నా
చెప్పులు నా కోసం ఎదురు
చూస్తున్నాయి నేను, ఇంకా
రాలేదని

గదిలో చప్పుళ్లయ్య ఊపిరి ఒక్కటే వినబడుతోంది, చేద బావి అడుగు గీరుతున్నట్టు.

"అబ్బ" అన్నాడు కవి. ఇటు తిరిగాడు. కళ్లు మెరుస్తున్నాయి. "ఎదురు, అని ఆగి, అప్పుడు చూస్తున్నాయి! సార్, ఇలాగే ఉంచండి. ఈ గీతలన్నీ ఇలాగే. ఒక్కటి కూడా తీయొద్దు."

యజమాని తన్నేసిన కుర్చీని మళ్లీ ముందుకు లాక్కున్నాడు.

"కాని మొదటి సగం చప్పగా ఉంది. ఒక్క విరుపు కూడా లేదు" అంటూ కవి కాగితాలు సర్ది, మొదటి పేజీ పైకి తెచ్చి చప్పుళ్లయ్య ముందు పెట్టాడు. మర్యాదగానే, రెండు చేతులా పెట్టాడు. "పెద్దాయనా, మళ్లీ మొదట్నించీ చదవండి. ఇందాక చివర్లో చదివినట్టు. ఇప్పుడున్నట్టే, అచ్చం ఇలాగే రొప్పుతూ."

దిద్దే ఆవిడ తలెత్తింది. మళ్లీ అన్న మాట ఇన్నాళ్లూ తనది. ఇంకొకళ్ల నోట వింటే అదెట్లా ఉంటుందో ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పెన్సిలు కొసతో తన మంచినీళ్ల గ్లాసుని బల్ల మీద కొద్దికొద్దిగా ఆయన వైపు నెట్టింది. చెయ్యి మాత్రం చాపలేదు.

చప్పుళ్లయ్య నీళ్లు ముట్టుకోలేదు. గ్లాసు ఎత్తితే వణుకు యజమాని కంటబడుతుంది. ఆయన లెక్క ఇంకా కుర్చీ దగ్గరే ఉంది. కవికి నచ్చింది. కవికి నచ్చితే యజమానికి నచ్చినట్టే. ఇదొక్కటీ చదివేస్తే గట్టెక్కినట్టే. కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

ఆ రెండో చదువు చదువు కాదు. మాట కోసం లోపలికి చెయ్యి పెట్టి వెతికి, దొరికినదాన్ని ఈడ్చుకుని బయటకు తెచ్చి పారేసినట్టుంది. నీళ్లు. అరచెయ్యి. నన్ను పేరు. అరచెయ్యి. ముక్కు చివర చెమట బొట్టు కాగితం మీద పడి ఒక అక్షరం ఉబ్బింది. కవి కళ్లు మూసుకుని మోకాలి మీద తాళం వేస్తున్నాడు. ఒకచోట దగ్గు ఆగకుండా వచ్చి, చెయ్యి మూడుసార్లు బల్లకు కొట్టుకుంటే, "ఆహా, అక్కడ మూడు పంక్తులు ఖాళీ! రాయండమ్మా, రాయండి" అన్నాడు. ఆమె రాసింది.

చదువుతున్నదాంట్లో ఏమీ చప్పుళ్లయ్యకు ఎక్కడం లేదు. ఇందాకటి ఒడ్డు మీది చెప్పులు మాత్రం ఎందుకో పట్టుకున్నాయి. నీళ్లలోకి దిగినవాడు వాటిని విడిచేటప్పుడు వారు విప్పి ఉంటాడా, లేక అట్లాగే కాలు లాగేసి ఉంటాడా అనిపించింది.

చదువు అయిపోయింది. కవి లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీరు మామూలోళ్లు కాదు పెద్దాయనా" అని, టీ కోసం కంపోజింగు గదిలోకి వెళ్లాడు. అక్కడ వాళ్లకు చదివి వినిపిస్తున్న గొంతు వినబడింది, హాయిగా, ఆయాసం లేకుండా, సరిగ్గా చప్పుళ్లయ్య ఆగిన చోటల్లా ఆగుతూ.

యజమాని కూర్చోలేదు. కుర్చీ వీపు మీద చేతులు పెట్టి నిలబడ్డాడు.

"చూడవయ్యా. ఆయనకు నచ్చింది కాబట్టి సరిపోయింది. ఆయన కవి, ఏమైనా నచ్చుతుంది. రేపు ఇంకో షావుకారు పుస్తకం వస్తుంది. వాళ్ల బావమరుదులకి నేను ఏం చెప్పను?" గొడుగు వైపు చూశాడు. "ఇంటిపట్టున ఉండు. ఒంట్లో కూడా బాగున్నట్టు లేదు. నీ మంచికే చెబుతున్నా."

టక్.

ఊ అనుకుని యజమాని వెళ్లిపోయాడు. తొడుగు వేలికి బిగిసిపోయింది. నోటి తడి రాసి, తిప్పి తిప్పి తీసి, బల్ల మీది గుంటలో బోర్లించాడు. అక్కడ కుదురుగా నిలబడింది. గొడుగు కోసం లేస్తూ దిద్దే ఆవిడతో అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఇంత ఎడం.

"పిల్లకి... చెప్పు. పొద్దున్నే... వేణ్ణీళ్లు తాగమని."

"దాని గొంతు బానే ఉందిలే అన్నయ్యా" అందామె. అన్నాక పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది. అది అప్పటికే చెక్కిన పెన్సిలు.

గొడుగు బల్ల పక్కనే ఉండిపోయింది. గోడ పట్టుకుని దిగి, మలుపు దగ్గర మెట్టు మీద కూలబడి, చప్పుళ్లయ్య చెప్పు వారు మీదికి వంగాడు.

టీ గ్లాసులు కడగడానికి కంపోజిటరు దిగాడు. "బాబాయ్, ఇవాళన్నా కొత్తవి కొనుక్కో. నువ్వు కవిగారికి గురువువట కదా!" అని పక్కనుంచి తప్పుకుని పోయాడు. గోడ మీద చప్పుడు రాలేదని అతను చూసుకోలేదు. ఆ తర్వాత కవి, ప్రూఫులు చంకలో పెట్టుకుని, మెట్లు రెండేసి దిగుతూ వచ్చాడు. "నమస్కారం పెద్దాయనా! కూర్చోండి, కూర్చోండి, లేవకండి" అని ఆయన భుజం మీదుగా దాటాడు. ఆ తర్వాత యజమాని. ఇందాక ఉద్యోగం తీసేసిన మనిషి మొహం ఎట్లా చూడాలో తెలియక గడియారం చూసుకుంటూ దిగిపోయాడు.

అందరి కన్న చివర దిద్దే ఆవిడ. మలుపులో వంగి ఉన్న వీపు చూసి ఆగింది. అది చెప్పు కోసం కాదని ఆ అచ్చాఫీసులో తెలిసింది ఆమె ఒక్కదానికే. పలకరిస్తే చూశానని తెలుస్తుంది, తెలిస్తే ఆయన చిన్నబోతాడు. పాపం, ఊపిరి తీసుకోనీ అనుకుంది. ఈ ఒక్క రోజైనా ఆయన పరువు కాపాడాలనిపించింది. గాజులు చప్పుడు కాకుండా చెయ్యి చీరలో దాచుకుని, చూపు గోడ వైపు తిప్పుకుని, పిల్లిలా దాటిపోయింది.

వాళ్లలో ఎవరు దాటేటప్పటికి ఆయన ఉన్నాడో, ఎవరు దాటేటప్పటికి లేడో చెప్పేవాళ్లు లేరు.

ఊడ్చే ఆవిడ పైనుంచి మెట్లు ఊడ్చుకుంటూ దిగింది. "కాలు తియ్యి బాబాయ్" అంది. తియ్యలేదు. చీపురుతో పాదం మీద తట్టింది. "నిన్నే." ఇంకోసారి తట్టేసరికి మనిషి గోడవారగా ఒరిగాడు. చెప్పు వారు చక్కగా ఉంది. తెగలేదు, వదులవలేదు.

పుస్తకం వచ్చింది. పేరు కూడా వచ్చింది. సభ పెట్టినప్పుడు ఒక పెద్ద పండితుడు లేచి, పంక్తిని ఎక్కడ విరవాలో తెలిసినవాడే కవి, ఆ విద్య ఈ కుర్రవాడికి పుట్టుకతో అబ్బింది అన్నాడు. కవి తల వంచుకుని, ఒక్కొక్క విరుపు కోసం తాను పడ్డ యాతన తనకే తెలుసని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. అచ్చాఫీసు యజమాని ముందు వరసలో కూర్చుని కొట్టాడు.

ఆ వారంలోనే చప్పుళ్లయ్య భార్య అచ్చాఫీసుకి వచ్చింది. మెట్లెక్కడం అదే మొదలు. మలుపు దగ్గర కాసేపు నిలబడి పైకి వచ్చింది. గొడుగు, కళ్లద్దాల పెట్టె, బొంత ముక్క ఒక సంచిలో పెట్టి ఇచ్చారు.

"ఇత్తడి తొడుగు ఒకటుండాలండీ" అంది. "వేలికి పెట్టుకునేది. నాదే. ఆయనకిచ్చాను."

చదివే కుర్చీలో ఇప్పుడు అక్క కూతురు కూర్చుంది. ఏమిటి పిన్నీ అన్నట్టు చూసింది. దిద్దే ఆవిడ సొరుగులు లాగింది, కాగితాలు ఎత్తి చూసింది. కిటికీ అరుగు మీద బంక సీసా ఉంది. దాని మూత ఎప్పుడో పోతే, వచ్చిన మొదటి రోజే ఆ పిల్ల బల్ల మీద దొరికినదాన్ని తెచ్చి మూతికి బోర్లించింది. దిద్దే ఆవిడ చూపు అక్కడిదాకా పోయింది. బంక కారి గడ్డకట్టిన దాన్ని పీకి ఈ మనిషి చేతిలో ఎట్లా పెట్టాలో తోచక చూపు తిప్పుకుంది.

"ఎక్కడో పోయి ఉంటుందమ్మా. చిన్న వస్తువు" అంది.

చప్పుళ్లయ్య భార్యకు బల్ల మీది గుంట కనిపిస్తే, జల్లెడైన వేలి కొసని అందులో పెట్టి చూసుకుంది. వేలితో ఒకసారి కొట్టింది. వట్టి వేలు కదా, చప్పుడు రాలేదు. సంచి తీసుకుని వెళ్లిపోయింది.

కాసేపటికి చదువు మొదలైంది. ఆ పిల్లది మంచి గొంతు, చప్పుళ్ల పద్ధతి రాదు. కామా అనీ, చుక్క అనీ, కొత్త పంక్తి అనీ నోటితోనే హాయిగా చెప్పుకుంటూ పోతుంది. మధ్యలో చిరిగిన కాగితం అతికించడానికి బంక కావాల్సి వచ్చింది. సీసా అందుకుని మూత లాగితే రాలేదు. గట్టిగా మెలేసి ఊడదీసి, అంచున ఎండిన బంక రాలాలని బల్లకేసి కొట్టింది.

టక్.

దిద్దే ఆవిడ చెయ్యి ప్రూఫు మీద కామా పెట్టింది.

పెట్టి, దాని వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత రబ్బరు తీసుకుని, కాగితం చిరుగుతుందేమో అన్నంత సేపు చెరిపింది.

"సీసాకి ఆ మూత పెట్టెయ్యవే. బంక ఎండిపోతుంది" అంది.

పిల్ల పెట్టేసింది. తొడుగు సీసా మూతికి సరిగ్గా సరిపోయింది. దాని లోపల, వేలు ఉండే చోట, బంక కొద్దికొద్దిగా గట్టిపడుతోంది.